అడ్డపొగ అంగిలి మీద పుండు: స్క్వామస్ కార్సినోమాగా కనిపించిన ఒక బయాప్సీ

ఉత్తరాంధ్ర తీరంలోని ఒక మత్స్యకార గ్రామం నుంచి వచ్చిన, అరవయ్యేళ్లు దాటిన ఒక మహిళ అంగిలి పుండు నుంచి తీసిన బయాప్సీ స్లైడ్లు, కణజాలాన్ని పొదిగిన పారాఫిన్ మైనం బ్లాకు, బయటి ల్యాబ్ రిపోర్టుతో సహా మా విభాగానికి వచ్చాయి. రిపోర్టులో ‘వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా’ అని ఉంది, అంటే పైపొర కణాల నుంచి పుట్టి, వాటి పోలికను ఇంకా నిలుపుకున్న క్యాన్సర్. శస్త్రచికిత్స బృందం కుడివైపు అంగిలిని పళ్ల వరుసతో సహా తొలగించే ఆపరేషన్‌కు సిద్ధమవుతోంది. అది జరిగితే నోటికీ ముక్కుకూ మధ్య ఏర్పడే రంధ్రాన్ని ఆమె జీవితాంతం ఆబ్చురేటర్ అనే కట్టుడు పలకతో మూసుకుంటూ ఉండాలి. బయట చేసిన బయాప్సీ ఏదైనా సరే, పెద్ద ఆపరేషన్‌కు ముందు సొంత విభాగంలో మరోసారి చూసి తీరాలన్న నియమం ఉండబట్టే ఈ స్లైడు మా మైక్రోస్కోపు కిందికి చేరింది. రోగి ఎవరో తెలిసిపోయే వివరాలను ఈ రాతలో మార్చాను.

రెఫరల్ చీటీలో ఉన్నవి రెండే మాటలు: గట్టి అంగిలి మీద కుడివైపు పుండు, ఏళ్ల తరబడి అడ్డచుట్ట (నిప్పుకొసను నోట్లో పెట్టుకొని చుట్ట తాగే అడ్డపొగ) అలవాటు. ఆ రెండో మాట చదివాక స్లైడు చూసేవారి మనసు సగం నిర్ణయానికి వచ్చేస్తుంది. దానికి తగిన కారణమూ ఉంది. మన దేశంలో నోటి క్యాన్సర్ అంటే ప్రధానంగా బుగ్గ లోపలి పొర, చిగురు, నాలుక. గట్టి అంగిలి మీద స్క్వామస్ కార్సినోమా ఇతర ప్రాంతాల్లో అరుదుగా కనిపిస్తుంది గానీ, శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వరకూ తీరం వెంబడి పనిచేసిన పెథాలజిస్టులకు అది కొత్త కాదు. చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకొని పీల్చే అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లోనే రాశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పులను నమోదు చేసిన పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం 1971లో వెలువడింది. ఈ అలవాటు అక్కడి మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. మామూలు పద్ధతిలో పొగతాగేవారి అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో కనిపించే నికోటిన్ స్టొమటైటిస్‌కు క్యాన్సర్‌గా మారే ముప్పు దాదాపు లేదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అడ్డపొగ అంగిలికి ఆ భరోసా వర్తించదు. కాబట్టి ఈ చిరునామా నుంచి, ఈ అలవాటుతో, ఈ చోటి నుంచి వచ్చిన పుండును కార్సినోమాగా ఊహించడం సహేతుకమే. ఆ ఊహ సహేతుకం కావడం వల్లనే స్లైడు మీద దాన్ని రుజువు చేయాల్సిన శ్రమ తప్పినట్టు అనిపిస్తుంది. ఈ కేసులో ఇబ్బంది అక్కడే ఉంది.

మొదటి స్లైడులో మూడు చిన్న ముక్కలున్నాయి. వాటిలో పెద్దది మూడు మిల్లీమీటర్లకు మించదు. ఫోర్సెప్స్‌తో పుండు అంచు నుంచి గిల్లి తీసినవి కాబట్టి, పైపొర ఎటు, లోతు ఎటు అన్నది మైనంలో పొదిగే (ఎంబెడింగ్) దగ్గర తేలక మూడూ ఏటవాలుగా తెగాయి. ఇన్‌ఫ్లమేషన్ నిండిన స్ట్రోమాలో (పొర కింది ఆధార కణజాలంలో) విడివిడిగా పడి ఉన్న స్క్వామస్ కణాల గూళ్లు, కొన్నింటి నడుమ కెరటిన్, పైపొర నుంచి లోపలికి దిగిన, వేళ్లలాంటి పొడవాటి రీట్ రిడ్జ్‌లు, అక్కడక్కడ మైటోసిస్ (కణ విభజన) కనిపించాయి. ఏటవాలు కోతలో రీట్ రిడ్జ్‌ల కొసలు పైపొరతో సంబంధం తెగిన ద్వీపాల్లా కనిపిస్తాయని మనందరికీ తెలుసు గానీ, ఇక్కడి గూళ్లన్నింటినీ ఆ ఒక్క కారణంతో కొట్టిపారేయడానికి వీల్లేదు. వాటి సంఖ్య ఎక్కువ, కొన్ని నిజంగానే లోతుగా ఉన్నాయి. ఆ స్లైడు మీద అలాంటి రిపోర్టు రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

అయినా వెంటనే సంతకం చేయనివ్వని విషయాలు కొన్ని కనిపించాయి. గూళ్ల అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. స్ట్రోమాలోకి మొనదేలి చొచ్చుకుపోయిన కణాలు గానీ, దాడి చేసే కార్సినోమా చుట్టూ పీచు కణజాలం పేరుకొనే డెస్మోప్లాస్టిక్ ప్రతిస్పందన గానీ లేవు. న్యూక్లియస్‌లన్నీ ఒకే తీరుగా, సన్నని క్రోమాటిన్‌తో, చిన్న న్యూక్లియోలస్‌తో ఉన్నాయి; మైటోసిస్‌లు గూళ్ల చుట్టుకొలత దగ్గరే ఉన్నాయి తప్ప మధ్యలో లేవు, అసాధారణమైనది ఒక్కటీ లేదు. వెల్ డిఫరెన్షియేటెడ్ కార్సినోమా కూడా ఇంత శాంతంగా కనిపించగలదు కనుక, వీటిని అనుమానానికి ఆధారంగా తీసుకోవచ్చు గానీ నిర్ణయానికి ఇవి చాలవు. నన్ను నిజంగా నిలిపినది ఒక గూడు మధ్యలో చిక్కుకొని ఉన్న ఒకే ఒక మ్యూకస్ కణం: నీలిరంగు తిరిగిన నురుగు సైటోప్లాజం, పక్కకు ఒత్తుకుపోయిన న్యూక్లియస్. పైపొర నుంచి పుట్టిన స్క్వామస్ కార్సినోమాలో అది ఉండవలసిన అవసరం లేదు. అది అక్కడ ఉందంటే, ఆ గూడు ఒక లాలాజల గ్రంథి నాళమో అసినసో (లాలాజలం తయారుచేసే కణాల గుత్తి) అయి ఉండాలి, లేదా ఇది మ్యూకోఎపిడర్మాయిడ్ కార్సినోమా అనే లాలాజల గ్రంథి క్యాన్సర్ కావాలి.

బ్లాకు మా దగ్గరే ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. రెండో అభిప్రాయానికి స్లైడ్లు మాత్రమే పంపి బ్లాకును ఆపుకొనే అలవాటు చాలా చోట్ల ఉంది. అది రోగికి చేసే మేలు ఏమీ లేదు. డీపర్ లెవెల్స్, అంటే బ్లాకులో ఇంకా లోతు నుంచి పొరలు, కోయించాను. మధ్యలోని రిబ్బన్లను పారేయకుండా కోటెడ్ స్లైడ్ల మీద ఎక్కించి, రంగు వేయకుండా ఉంచమని టెక్నీషియన్‌కు ముందే చెప్పాను, ఎందుకంటే ఇంత చిన్న ముక్కల్లో ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించే పరీక్ష) అవసరం తెలిసేసరికి బ్లాకులో కణజాలం మిగలదు. లోతైన లెవెల్‌లో, ఒక ముక్క అడుగున లాలాజల గ్రంథి లోబ్యూల్ (చిన్న విభాగం) అంచు బయటపడింది. అందులోని మ్యూకస్ అసినైలు చచ్చిపోయి, న్యూక్లియస్‌లు మాయమై, గోడల ఆనవాలు మాత్రమే మిగిలాయి. పగిలిన అసినైల నుంచి కారిన మ్యూసిన్ చుట్టూ న్యూట్రోఫిల్స్, నురుగు హిస్టియోసైట్లు అనే రక్షణ కణాలు చేరాయి. అంటే ఈ గ్రంథికి రక్తప్రసరణ ఆగిపోయింది.

అప్పుడు సర్జన్‌కు ఫోన్ చేశాను. సీటీలో ఎముక తిన్న గుర్తులు లేవనీ, మెడలో గడ్డలు తగలడం లేదనీ, పుండు వయసు నెల రోజులేననీ తెలిసింది. నెల రోజుల్లో రెండు సెంటీమీటర్ల గొయ్యి పడడమూ, దాని కింద ఎముక చెక్కుచెదరకుండా ఉండడమూ కార్సినోమాకు అంత సులువుగా అతకవు. మరునాడు వార్డులో ఆమెను చూశాను. గట్టి అంగిలి వెనుక భాగంలో, మధ్యగీతకు కుడివైపున బూడిదరంగు అడుగుతో పుండు; అంచులు కొద్దిగా లేచి ఉన్నా, తాకితే క్యాన్సర్ అంచులో ఉండే కరుకుదనం లేదు. మిగిలిన అంగిలి అంతా మందంగా తెల్లబారి ఉంది, ఎడమవైపున గోరంత ఎర్రటి మచ్చ ఒకటి విడిగా ఉంది. “పుండు పడకముందు అక్కడ పళ్ల డాక్టరు ఏమైనా చేశారామ్మా?” అని అడిగితే ఆమె చెప్పిన జవాబు రెఫరల్ చీటీలో ఎక్కడా లేదు: “పన్ను పీకడానికి అంగిట్లో సూదేసినారు బాబూ. వారం పోయాక ఉబ్బినాది, ఆ మీద ముక్క ఊడి పడిపోనాది. అది పడిపోయాక నొప్పి తగ్గినాది.”

ఈ మూడు వాక్యాల్లో నెక్రొటైజింగ్ సియాలోమెటాప్లేసియా చరిత్ర దాదాపు పూర్తిగా ఉంది. 1973లో ఏబ్రమ్స్, మెల్రోస్, హోవెల్ తొలిసారి వర్ణించిన ఈ రుగ్మతలో చిన్న లాలాజల గ్రంథులకు రక్తం అందక అసినైలు చనిపోతాయి, మిగిలిన నాళాలు స్క్వామస్ పొరగా మారతాయి. ముందు వాపు, తర్వాత అంగిలి ముక్క ఊడిపోయిందన్న అనుభవం, ఆపై నొప్పి తగ్గడం, 6 నుంచి 10 వారాల్లో మందు లేకుండానే మానడం దాని సహజ క్రమం. పై దంతాల కోసం అంగిలిలో ఇచ్చే మత్తు సూదిలో లిగ్నోకైన్‌తో పాటు రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసే ఎడ్రినలిన్ ఉంటుంది. పైగా అంగిలి పొర ఎముకకు గట్టిగా అతుక్కొని ఉంటుంది కనుక లోపలికి ఎక్కించిన మందు విస్తరించే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. పొగాకు కూడా ఈ రుగ్మతకు కారణాల్లో ఒకటిగా చెప్పబడుతూనే ఉంది. ఈమె విషయంలో సూదిని, నిప్పుకొసను విడదీసి నింద దేని మీద ఎంత వేయాలో చెప్పడం సాధ్యం కాదు. ఆ అవసరమూ లేదు.

అయితే చరిత్ర ఎంత చక్కగా అతికినా, మూడు మిల్లీమీటర్ల ముక్కలో గ్రంథి నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) కనబడింది కాబట్టి కార్సినోమా లేదని తేల్చడానికి వీల్లేదు. కణితి పక్కన ఉన్న గ్రంథికి రక్తం అందక అక్కడా ఇదే మార్పు రావచ్చు; అంతకు ముందు చేసిన బయాప్సీ వల్ల కూడా రావచ్చు. అందుకని కొత్త బయాప్సీ అడిగాను. పుండు అంచుతో పాటు పక్కనున్న పొరనూ కలుపుకొని, పెరియోస్టియం (ఎముక మీది పొర) వరకు దిగే వెడ్జ్ (చీలిక ఆకారపు ముక్క) ఒకటి. ఎడమవైపు ఎర్రమచ్చ నుంచి మరొకటి, వేరే సీసాలో. వెడ్జ్‌ను వడపోత కాగితం మీద పరచి ఫార్మలిన్‌లో వేయమని ఆపరేషన్ థియేటర్‌కు చెప్పి పంపాం. గ్రాసింగ్‌లో (ముక్కను కోతకు సిద్ధం చేసేటప్పుడు) లోతు వైపు ఇంకు రాసి, అంచు మీద నిలబెట్టి ఎంబెడ్ చేయించాం. ఈ కేసులో అన్నింటికంటే విలువైన సాంకేతిక పని ఇదే.

ఆ వెడ్జ్ స్లైడును 4ఎక్స్ లెన్స్ కింద పెట్టగానే విషయం తేలిపోయింది. పీచు గోడలతో విడిపోయిన లోబ్యూల్స్ హద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్క్వామస్ గూళ్లు ఆ హద్దుల లోపలే, అసినైలూ నాళాలూ ఉండాల్సిన చోటనే, వాటి ఆకారంలోనే ఉన్నాయి. గోడలను దాటి బయటికి వెళ్లినది ఒక్కటీ లేదు. ఒక లోబ్యూల్ సగం చచ్చిన అసినైలతో, సగం స్క్వామస్ గూళ్లతో ఉంది. దాని అంచున ఒకే నాళానికి ఒకవైపు గోడ ఇంకా పొడవాటి స్తంభాకార కణాలతో, మరోవైపు గోడ స్క్వామస్ పొరతో కనిపించింది. మొదటి స్లైడులో విడివిడి ద్వీపాల్లా భయపెట్టినవి ఈ నాళాల అడ్డుకోతలే. పుండు అంచున పైపొర, క్యాన్సర్‌లా కనిపించే హానిలేని పెరుగుదలైన సూడోఎపితీలియోమేటస్ హైపర్‌ప్లేసియాతో మందంగా కిందికి దిగింది గానీ, కణాల్లో క్యాన్సర్‌కు దారితీయగల మార్పు, అంటే డిస్‌ప్లేసియా లేదు. నరాల చుట్టూ ఏమీ లేదు.

ఎర్రమచ్చ ముక్క మాత్రం అంత నిశ్చింతగా లేదు. పైపొర పలచబడి, కింది సగంలో న్యూక్లియస్‌లు పెద్దవై, ఒకదాని మీద ఒకటి పడి, మైటోసిస్‌లు బేసల్ పొర (అట్టడుగు వరుస) దాటి పైకి వచ్చాయి: మోడరేట్ ఎపితీలియల్ డిస్‌ప్లేసియా. అంతేకాక ఆ డిస్‌ప్లాస్టిక్ పొర ఒక గ్రంథి నాళం మెడలోకి కొంత దూరం దిగింది. అడ్డపొగ అంగిలిలో ఇది తప్పక గుర్తుంచుకోవలసిన ఉచ్చు. నాళంలోకి దిగిన డిస్‌ప్లేసియాను అడ్డంగా కోస్తే, స్ట్రోమాలో విడిగా ఉన్న చెడ్డ గూడులా కనిపించి దాడి చేసిన కార్సినోమా అనిపిస్తుంది. మరోవైపు దాన్నే సియాలోమెటాప్లేసియా అనుకొని వదిలేసే ప్రమాదమూ ఉంది. తేడా న్యూక్లియస్‌ల్లోనూ, పైపొరతో ఉన్న సంబంధంలోనూ దొరుకుతుంది. అందుకే లెవెల్స్ కావాలి.

మ్యూకోఎపిడర్మాయిడ్ కార్సినోమాను పక్కన పెట్టడానికి పెద్దగా తడుముకోలేదు. అందులో సిస్టులూ, ఇంటర్మీడియట్ కణాలూ ఉంటాయి, గ్రంథి నిర్మాణాన్ని చెరిపేస్తూ వ్యాపించే తీరు ఉంటుంది; ఇక్కడ ఆ మూడూ లేవు. లోబ్యూల్స్ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఆ క్యాన్సర్‌ను గుర్తించే మామ్ల్2 జీన్ పరీక్షకు పంపడం రోగి డబ్బు వృథా చేయడమే. 2021 వేసవి తర్వాత అంగిలి మీద నల్లబడిన, చచ్చిన కణజాలం ఏది కనిపించినా మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) గుర్తొస్తోంది. అది మంచి అలవాటే కాబట్టి ఫంగస్‌ను చూపే పీఏఎస్, సిల్వర్ స్టెయిన్‌లు చేయించాం, ఫంగస్ లేదు. గ్రాన్యులోమాలు గానీ, రక్తనాళాల చుట్టూ అనుమానాస్పదమైన లింఫాయిడ్ కణాలు గానీ లేవు.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (ఇమ్యునో) గురించి ఒక మాట. గూళ్ల చుట్టూ కాల్పోనిన్ సన్నని, అక్కడక్కడ తెగిన గీతగా నిలిచింది. అంటే గ్రంథిని చుట్టి ఉండే మయోఎపితీలియల్ కణాలు మిగిలే ఉన్నాయి. విభజన చెందే కణాలను చూపే కేఐ-67 గూళ్ల వెలుపలి వరుసకే పరిమితమైంది. క్యాన్సర్ మార్పుకు సూచన కాగల పి53 అక్కడక్కడ, బలహీనంగా పడింది. ఎర్రమచ్చలో మాత్రం అంతకంటే గట్టిగా, బేసల్ పొర పైకి కూడా వచ్చింది. పి63ను కూడా చేయమని ఒకరు సూచించారు గానీ, అది స్క్వామస్ కణాలకూ మయోఎపితీలియల్ కణాలకూ రెండింటికీ పడుతుంది కనుక ఇక్కడ దాని వల్ల తేలేది తక్కువ. నిజం చెప్పాలంటే రోగనిర్ధారణ మామూలు రంగు (హెచ్ అండ్ ఈ) వేసిన స్లైడు మీదే పూర్తయింది. ఇమ్యునో ట్యూమర్ బోర్డును ఒప్పించడానికి పనికొచ్చింది. ఆపరేషన్ తేదీ ఇచ్చేసిన బృందానికి ‘ఆగండి’ అని చెప్పేటప్పుడు, లోబ్యూల్ హద్దుల ఫొటో కంటే కాల్పోనిన్ గోధుమరంగు గీత ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది, ఎందుకో మరి.

రిపోర్టు మాటల మీద సమయం పెట్టవలసి వచ్చింది. ‘మాలిగ్నెన్సీ లేదు’ అని రాస్తే అది అంగిలి మొత్తానికి ఇచ్చిన యోగ్యతాపత్రం అవుతుంది. కాబట్టి మొదటి సీసాకు ‘నెక్రొటైజింగ్ సియాలోమెటాప్లేసియా, దానిపై సూడోఎపితీలియోమేటస్ హైపర్‌ప్లేసియా, పరిశీలించిన కణజాలంలో కార్సినోమా లేదు’ అనీ, రెండో సీసాకు ‘మోడరేట్ డిస్‌ప్లేసియా’ అనీ వేర్వేరుగా రాశాం. పుండు 10 వారాలకు మానకపోతే మళ్లీ బయాప్సీ చేయాలని వ్యాఖ్యలో చేర్చాం. బయటి స్లైడు గురించి, ఏటవాలుగా తెగిన చిన్న ముక్కల్లో గ్రంథి కనిపించలేదనీ, డీపర్ లెవెల్స్‌లో కనిపించిందనీ ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ పెథాలజిస్టుతో ముందుగా ఫోన్లో మాట్లాడాం. రిపోర్టు మారిన సంగతి మొదట రాసినవారికి రోగి ద్వారా తెలియడం మర్యాద కాదు, పాఠమూ కాదు.

తర్వాత ఈ కేసును స్లైడ్ సెమినార్‌లో పెట్టాం. వైద్య మండలి 2002 నిబంధనలు అయిదేళ్లకు కనీసం 30 గంటల నిరంతర విద్య కావాలంటాయి; ఆ గంటల్లో ఎక్కువ భాగం చీకటి గదిలో పవర్‌పాయింట్ చూస్తూనే గడుస్తుంది. రోగనిర్ధారణ నేర్చుకొనే పని లెన్స్ దగ్గర జరుగుతుంది కాబట్టి, మేము ఉపన్యాసం పెట్టకుండా మొదటి బయాప్సీ స్లైడును, అచ్చంగా ఆ ఏటవాలు ముక్కలనే, కొందరికి చరిత్ర లేకుండా, కొందరికి ‘అడ్డపొగ, అంగిలి పుండు’ అన్న చీటీతో ఇచ్చాం. ప్రతివారూ రోగనిర్ధారణతో పాటు, అది ఇవ్వడానికి ఇంకేం కావాలో కూడా రాయాలి. చీటీ అందుకున్నవారిలో చాలామంది కార్సినోమా అని రాసి అక్కడితో ఆగారు. చీటీ లేనివారు రోగనిర్ధారణలో తడబడినా, లెవెల్స్, లోతైన బయాప్సీ, పుండు ఎన్నాళ్లదన్న ప్రశ్న అడిగారు. దీన్నిబట్టి చరిత్ర చూడకుండా స్లైడు చూడాలని నేను చెప్పబోవడం లేదు. పన్ను పీకించుకున్న చరిత్రే కదా ఈ కేసును తేల్చింది. ముందు 4ఎక్స్ కింద స్లైడంతా ఒకసారి తిప్పి, కనిపించినదాన్ని ఒక వాక్యంగా రాసుకొని, ఆ తర్వాత చీటీ తెరవమని మా పీజీ విద్యార్థులకు చెబుతున్నాం. చీటీలో లేని ప్రశ్నలు అప్పుడే పుడతాయి. సెమినార్‌కు వచ్చిన ఇద్దరు దంతవైద్యుల వల్ల మరో లాభం కలిగింది: అంగిలి మత్తు తర్వాత ఇలాంటి గొయ్యి పడడం తాము చూశామనీ, మానిపోయింది కనుక బయాప్సీకి పంపలేదనీ వారు చెప్పారు. మానేవి వారి దగ్గరే ఆగిపోతాయి. భయపెట్టేవి మాత్రమే మా దాకా వస్తాయి.

ఆపరేషన్ రద్దయింది. కుడివైపు పుండు పన్ను తీసిన పదో వారానికి అడుగు నుంచి పూడుకుంటూ మానింది. చోటు కొద్దిగా పలుచగా, గులాబీరంగులో మిగిలింది. ఎడమవైపు ఎర్రమచ్చను సర్జన్ పూర్తిగా తొలగించారు. అందులోనూ మోడరేట్ డిస్‌ప్లేసియానే ఉంది, అంచుల్లో లేదు, నాళాలను లెవెల్స్‌లో వెతికినా దాడి చేసిన కణాలు దొరకలేదు. మూడు నెలలకోసారి అంగిలి పరీక్షకు రమ్మన్నారు, ఆమె కూతురు వెంట వస్తున్నారు. చుట్ట పూర్తిగా మానలేదు. నిప్పుకొసను బయటికి తిప్పి కాలుస్తున్నానని ఆమె చెబుతున్నారు. దాంతో ముప్పు పోయిందనడానికి లేదని పొగాకు మాన్పించే కేంద్రానికి పంపారు, కిందటి విజిట్‌లో తీసిన అంగిలి ఫొటోను కేసు పత్రాలకు జతచేశారు.